కార్బొరేటర్‌లో చెప్పుతోలు

కిందటి వేసవిలో ఒక పొద్దున, సూర్యాపేటలో మా ఇంటి వరండాలో కూర్చుని, షుగరు మాత్ర మింగి టిఫిను కోసం చూస్తూ ఉండగా, మా అన్నయ్య కొడుకు కోదాడ నుంచి వచ్చి సంచిలోంచి ఒక కార్బొరేటర్ తీసి నా ముందున్న స్టీలు పళ్ళెంలో పెట్టాడు. మడ్డి పట్టి నల్లబడిన ఆ ముద్ద మా మిల్లు జీపుదని చెప్పనక్కర లేకుండానే పోల్చుకున్నాను. కుళ్ళిన పెట్రోలు కంపు ముక్కుకు తగిలేసరికి నా ఆకలి చచ్చిపోయింది, లోపలినుంచి వచ్చిన ఇడ్లీ పళ్ళెం అలాగే చల్లారిపోయింది.

మిర్యాలగూడ అవతల మా నాన్న నడిపిన బియ్యం మిల్లు మూతబడి చాలా ఏళ్ళయింది. ఆ స్థలంలో ఇప్పుడు ప్లాట్లు వేస్తున్నారట, ఊక షెడ్డు కూల్చేస్తారట, అందులో టార్పాలిన్ పట్టా కింద పడి ఉన్న జీపును తుక్కువాడు లారీకి ఎత్తుకుపోతానంటే మావాడు ఒప్పుకోలేదు. తండ్రి నడిపిన బండి తన కాళ్ళ మీద తాను కోదాడ దాకా రావాలన్నది వాడి పట్టుదల. మా వదిన మాత్రం ఒక్కటే షరతు పెట్టింది. "సీసా పట్టకుంట బండి లేస్తె తెచ్చుకో. సీసా పడితే మాత్రం తుక్కుకేసెయ్. మీ చిన్నాయన్నే అడుగు, ఆయన అయితదంటెనే ముట్టుకో" అందట. అడగడానికే వాడు వచ్చాడు.

ఆ సీసా సంగతి నా ఈడు వాళ్ళకు చెప్పనక్కర లేదు. పొద్దున్నే మొండికేసిన పెట్రోలు బండికి బానెట్టు ఎత్తి, కార్బొరేటర్ నోట్లో చిన్న మూతెడు పెట్రోలు పోసి, ఇంకొకరు తాళం తిప్పితే దగ్గి లేచేది. అది మంచి అలవాటు కాదని అందరికీ తెలుసు, అందరూ చేసేవాళ్ళు. జీపుల డ్రైవర్లయితే సీటు కింద ఒక సీసా ఎప్పుడూ ఉంచుకునేవాళ్ళు, దాన్ని తీర్థం పోయడమనేవాళ్ళు. మొదటి కిరాయికి పోయే జీపులన్నీ మిర్యాలగూడ సెంటర్లో అలా తీర్థం పుచ్చుకునే కదిలేవి.

నేనప్పుడు కోదాడలో హైవే మీద మోటారు సామాన్ల దుకాణంలో కౌంటరు మీద పనిచేసేవాణ్ణి. లారీ వాళ్ళు రేకుముక్క తెచ్చి చూపిస్తే అది ఏ బండిదో, ఎందుకు విరిగిందో చెప్పగలిగేవాణ్ణని కొంచెం పొగరు కూడా ఉండేది, అది ఇప్పటికీ పూర్తిగా పోలేదని మా ఆవిడ అంటుంది. వరికోతల్లో మా జీపు పంపు తోలు అరిగిపోయింది. యాక్సిలేటరు తొక్కగానే ఇంజనుకు ఒక చుక్క పెట్రోలు చిమ్మే చిన్న పంపు కార్బొరేటర్‌లో ఉంటుంది, దాని చివరన గిన్నెలాంటి తోలుబిళ్ళ ఉంటుంది. ఆ బిళ్ళ మా దుకాణంలో లేదు, బెజవాడ నుంచి రావాలి. వచ్చేదాకా ఆగడం మా అన్నయ్యకు చేతకాలేదు. నిడమనూరు వైపు రైతుల ధాన్యం కళ్ళాల్లో ఉంటే బండిని ఇంట్లో కూర్చోబెట్టే మనిషి కాదాయన. ఒక చెప్పులోంచి గుండ్రంగా తోలు కోసి, ఆముదంలో నానేసి తానే బిగించుకున్నాడు. అప్పటినుంచి జీపు పొద్దున పూట అసలు లేవడం మానేసింది, తీర్థం రోజూ తప్పలేదు.

ఒక ఉదయం నాన్న తాళం దగ్గర కూర్చున్నాడు, అన్నయ్య బానెట్టు మీదికి వంగి, మూత కూడా వాడకుండా సీసాతోనే పోశాడు. ఇంజను వెనక్కి కొట్టింది. మంట కార్బొరేటర్ నోట్లోంచి లేచి చేతిలో సీసాను అందుకుంది. మిర్యాలగూడ దవాఖానలో చూసి హైదరాబాదు తీసుకుపొమ్మన్నారు, నల్లగొండ దాటకముందే అయిపోయింది. మావాడు అప్పటికి ఉయ్యాలలో ఉన్నాడు. నాన్న ఆ జీపును ఊక షెడ్డులోకి తోయించి, దాన్ని ఎవడు ముట్టుకున్నా నా శవాన్ని చూస్తాడన్నాడు. ఆయన పోయాక కూడా ఆ మాట పోలేదు. వదిన ఆనాటినుంచి చెప్పులు వేసుకోలేదు. మొక్కు అనుకున్నాం. ఎండాకాలం మిల్లు కళ్ళంలో వడ్లు ఎండబోస్తూ ఆ కాలే గచ్చు మీద ఆమె నడుస్తుంటే నాకు అరికాళ్ళు చురుక్కుమనేవి. మొక్కు ఎవరికని ఎవరూ అడగలేదు, ఆడవాళ్ళ మొక్కులు అడగకూడదంటారు కదా.

టిఫిను పక్కకు జరిపి ఆ కార్బొరేటర్ విప్పాను. నా చేతులు వణుకుతాయి గానీ మరలు మరిచిపోలేదు. పంపు బయటికి లాగితే గట్టిపడి చెక్కలా అయిన తోలుబిళ్ళ వచ్చింది, దాని అంచున చెప్పు కుట్టు వేసిన రంధ్రాలు ఇంకా ఉన్నాయి. దాని కింద, పంపు ఆడే బావిలాంటి గుంట అడుగున, మిరియం గింజంత ఉక్కు గోలీ ఒకటి ఉండాలి. పంపు తొక్కినప్పుడు పెట్రోలు వెనక్కి జారిపోకుండా దారి మూసేది అదే. దాన్ని పట్టి ఉంచే తీగ రింగు దాని గాడిలో చక్కగా కూర్చుని ఉంది, గోలీ మాత్రం లేదు. ఇప్పుడు జారిపోయిందేమో అనడానికి వీల్లేదు, రింగు తీయకుండా గోలీ బయటికి రాదు. అన్నయ్య ఆనాడు తోలు మార్చేటప్పుడు రింగు తీసి బోర్లించినచోట అది దొర్లిపోయి ఉంటుంది, చూసుకోకుండా రింగు పెట్టేశాడు. గోలీ లేకపోతే ఏ కంపెనీ తోలు వేసినా ఆ పంపు చుక్క చిమ్మదు. అది చిమ్మకపోతే సీసా తప్పదు. ఇంత చిన్న సంగతికి మనిషి పోయాడా అని నాకు ఒళ్ళు మండింది, ఎవరి మీదో తెలియలేదు.

ఆ మధ్యాహ్నమే విప్పిన సామాను డబ్బాలో వేసుకుని మావాడితో కోదాడ పోయాను. వదిన తోలుబిళ్ళ చేతిలోకి తీసుకుని, కళ్ళద్దాలు కూడా పెట్టుకోకుండా, "గిది నా చెప్పుదే" అంది. తరవాత ఆ సంగతంతా చెప్పింది. అన్నయ్య తోలు అడిగినప్పుడు ఇంట్లో రెండు జతలున్నాయట, పుట్టింటి వాళ్ళు కొన్న కొత్త జత ఒకటి, తెగిన పాతది ఒకటి. కొత్తదాని తోలు మెత్తగా ఉంది, అది ఇమ్మన్నాడట. "నేను పాతదే ఇచ్చిన మరిదీ. కొత్తది కొయ్యనియ్యలే. మంచి తోలిస్తె బండి సక్కగ లేసేది, ఆయన సీసా పట్టేటోడు కాదు" అంది. అది మొక్కు కాదు, శిక్ష. తనకు తాను వేసుకుని, ఎవరికీ చెప్పకుండా ఇన్నేళ్ళూ అనుభవించింది.

గోలీ మాట చెప్పాలా వద్దా అని నాకు గుంజాటన పట్టుకుంది. చెబితే బతికున్న మనిషి మీది బరువు దిగుతుంది, కానీ అది పోయినవాడి మీదికి ఎక్కుతుంది, అదీ కొడుకు ముందర. చెప్పాను. ఆమె ఏడవలేదు. ఖాళీ బావిలోకి వేలు పెట్టి తడిమి చూసింది. "ఆయనే మర్సిండా" అంది. "ఇప్పి సూస్తె అయిపోయేది గద మరిదీ, అప్పుడే ఎవరన్న ఒక్కసారి ఇప్పి సూస్తె" అంది. నేను సామాను ఒక్కొక్కటే తిరిగి డబ్బాలో వేశాను.

గోలీ పెడితే సీసా లేకుండానే బండి లేస్తుందని వదినకు మాటిచ్చాక, సామాను ఎంచడం దగ్గర నేను మొండికేశాను. సూర్యాపేట దుకాణంలో మెరిసే ప్లాస్టిక్ సంచిలో పూర్తి కిట్టు చూపించారు. ఇప్పటి పెట్రోలులో స్పిరిటు కలుస్తోంది, నాసిరకం రబ్బరు దానికి ఉబ్బి అతుక్కుపోతుందని చెప్పి రబ్బరు పంపు తిరిగిచ్చేశాను. పెట్రోలు దారి మూసే నీడిల్‌ను అది కూర్చునే రంధ్రంలో పెట్టి నోటితో పీల్చి, నాలుక అతుక్కుంటేనే తీసుకున్నాను. కౌంటరు మీది కుర్రవాళ్ళు నవ్వుకున్నారు, నవ్వుకోనీ. కోదాడలో దొరికిన ఇత్తడి ఫ్లోటును, అదే పెట్రోలులో తేలే బుడ్డిని, వేడినీళ్ళలో ముంచితే బుడగలు వచ్చాయి, చిల్లి ఉందని వద్దన్నాను. ఇంకొకటి చూస్తే అది బుడగ లేకుండా నిలిచింది. పెట్రోలు పోయే సన్నటి జెట్టును, రంధ్రం మూసుకుపోలేదు కదా అని సూర్యుడికెదురుగా పట్టి చూశాను. అసలైన తోలుబిళ్ళ మిర్యాలగూడలో ఒక పాత దుకాణం అటక మీద, నూనె కాగితంలో చుట్టి ఉంది. గోలీ ఒక్కటే ఎక్కడైనా దొరికేది, గుప్పెడు పోసి ఇచ్చారు. మావాడు ఆ బజారులోనే తల్లికి ఒక జత చెప్పులు కూడా కొన్నాడు.

షెడ్డు ముందర బిగింపు అయ్యాక వదిన దూరంగా, ఊక కుప్ప పక్కన నిలబడింది. కొత్త బ్యాటరీ పెట్టి తిప్పితే జీపు లేవలేదు. రెండోసారీ లేవలేదు. మావాడి చూపు తెలియకుండానే పెట్రోలు సీసా కోసం అటూ ఇటూ పోవడం, ఆమె ఒక అడుగు ముందుకు వేయడం నేను చూశాను. వాణ్ణి సీటు దిగనీయలేదు. యాక్సిలేటరు నెమ్మదిగా నిండా తొక్కి వదలమన్నాను. కార్బొరేటర్ గొంతులో సన్నటి దారంలా పెట్రోలు చిమ్మింది. నేను పక్కకు జరిగి, ఇప్పుడు తాళం తిప్పమన్నాను. జీపు దగ్గి, నల్లటి పొగ కక్కి, లేచింది. మాలో ఎవరికీ సంతోషం కలగలేదు, ఆ చప్పుడు అచ్చం అప్పటిలాగే ఉంది.

ఇప్పుడు బండ్లలో కార్బొరేటర్లే లేవు. చెడితే విప్పి చూసేవాడు లేడు, నంబరు చూసి మొత్తం మార్చేస్తారు, ఫోనులో నొక్కితే సామాను గుమ్మంలోకి వస్తుంది. విప్పి చూడని జబ్బు మాకూ ఉండింది కనుక వాళ్ళను అనడానికి నాకు నోరు రాదు. కొత్త చెప్పులు వదిన వేసుకోవాలనే చూసింది. ఇన్నేళ్ళ నడకకు పాదాలు పరుచుకుపోయి, వేళ్ళు విడిపోయి, మడమలు పగిలి ఉన్నాయి, బజారులో అన్నిటికన్నా పెద్ద సైజు అయినా బొటనవేలి దగ్గరే ఆగిపోయింది. వేరే కొందామని మావాడన్నాడు. ఆమె వద్దంది. ఆ జతను ఒళ్ళో పెట్టుకుని, ఉత్తికాళ్ళతోనే జీపు ముందు సీటులో, ఒకప్పుడు అన్నయ్య పక్కన తాను కూర్చునే చోట కూర్చుని, "ఇగ పోనియ్" అంది.