నర్సయ్య గీసిన కేమ్

2011. సకల జనుల సమ్మె రోజులు. కోరుట్లలో నా డ్రాఫ్టింగ్ షాపు ముందు బస్సు కనిపించి ఎన్నాళ్లయిందో గుర్తులేదు. స్కాన్ చేసిన పాత డ్రాయింగులను క్యాడ్ ఫైళ్లుగా మార్చడం నా పని. స్కాన్ ఉత్త బొమ్మ. దాని మీద ప్రతి గీతనూ మళ్లీ గీసి కొలతలిస్తే తప్ప ఇనుము కోసే మిషన్ చదవలేదు. కరెంటు ఉన్న కాసేపు, ఊరంతా సద్దుమణిగిన ఆ మధ్యాహ్నాల్లో గీతలు గీస్తుంటే నీళ్లలో తేలుతున్నట్టుండేది.

ఒకరోజు సిరిసిల్ల నుంచి రాజేశ్వరక్క తన తమ్ముడి బండి మీద వచ్చి పెన్‌డ్రైవ్ ఇచ్చింది. ఆమె తండ్రి నర్సయ్య మరమగ్గాల ఫిట్టర్. సిరిసిల్లలో వాటిని సాంచెలంటారు. తమ సాంచెల కోసం ఆయనే ఒకప్పుడు కేమ్ గీసుకున్నాడు. కేమ్ అంటే పూర్తి గుండ్రంగా ఉండని ఇనుప చక్రం. తిరుగుతూ పడుగును, అంటే బట్టలో నిలువు దారాలను, లేపి దించుతుంది.

"అది పలిగింది చెల్లె. బజార్ల దొరికేది పెడితే దారాలు పటపట తెగుతున్నయ్. రెండు సాంచెలు ఆగినయ్. బాపుకు పక్షవాతమొచ్చి మాట పడిపోయె, అడుగుదమంటె."

నూనె పీల్చిన అసలు కాగితం చిరిగిపోయి, స్కాన్ ఒక్కటే మిగిలిందట. అందులో చక్రం అంచు ఒకచోట కొద్దిగా ఉబ్బి ఉంది. కాగితం ముడత అనుకుని నునుపు చేశాను. జగిత్యాల వర్క్‌షాప్‌కు పంపబోతుంటే అక్క ఫోన్ చేసింది.

"ఒక్కసారి బాపుకు చూపెట్టు షబానా. నా మనసొప్పుతలేదు."

ల్యాప్‌టాప్ తీసుకుని స్కూటీ మీద వెళ్లాను. దారంతా ఖాళీ. సిరిసిల్లలో కరెంటు లేదు. ఎప్పుడూ సాంచెల చప్పుడులో మునిగి ఉండే వీధిలో పిచ్చుకలు వినిపించాయి.

మంచం మీద దిండుకు ఆనుకున్న నర్సయ్య స్క్రీన్ చూసి తల అడ్డంగా ఊపాడు. వేలితో ఒకేచోట రుద్దుతున్నాడు. నేను ఉబ్బు తీసేసిన చోటు.

"గీడ తప్పున్నదా బాపు?" అక్క అడిగింది.

ఆయన ఎడమచెయ్యి మెల్లగా పైకి లేచి, గాలిలో ఆగింది. కళ్లు మాకు కనపడనిదేదో చూస్తూ ఈ గోడ నుంచి ఆ గోడ దాకా కదిలాయి. అప్పుడు చెయ్యి దిగింది. మళ్లీ లేచింది, ఆగింది, దిగింది. నాకేమీ అర్థం కాలేదు. రాజేశ్వరక్క ఒక్కసారిగా లేచి నిలబడింది.

"నాడె! అడ్డం పేక దారం పట్టుకొని నాడె ఈ కొసకెల్లి ఆ కొసకు దాటేదాక పడుగు పైననే ఆగాలె. గందుకేనా బాపు గా ఉబ్బు?"

నర్సయ్య తలూపాడు. కళ్ల నుంచి నీళ్లు కారాయి.

అక్కడే కూర్చుని గీత మార్చాను. ఆయన వేలు పైకి చూపితే కొంచెం పెంచాను, కిందికి చూపితే తగ్గించాను. చివరికి అరచెయ్యి అడ్డం పెట్టాడు: చాలు.

కొత్త కేమ్ బిగించిన రోజు అక్క ఫోన్ చేసి, దాన్ని సాంచె పక్కన పెట్టింది. ఆగకుండా వస్తున్న ఆ చప్పుడు చాలాసేపు విన్నాను.

కాగితం మీది వంకర ముడతో, మనిషి ఆలోచనో నా కంటికి తెలియదు. అందుకే అప్పటి నుంచి ఏ వంకరనూ నా అంతట నేను సరిచేయను. వేరే లేయర్‌లో, అంటే ఫైల్లోనే ఇంకో పొర మీద, ఎర్రగీతగా ఉంచి తెచ్చినవాళ్లను అడుగుతాను:

"గిది గీసినాయన ఉన్నడా?"