ఒట్టు పెట్టని మనిషి, గోడమీది థర్మోస్టాట్

మొయినాబాద్ దాటాక చిల్కూరు వైపు ఉన్న ఒక ఫామ్‌హౌస్‌కు ప్రేమదాసు కాపలాదారు. వారమంతా అతనూ, భార్య శాంతమ్మా చెట్లకు నీళ్లు పెట్టుకుంటూ ఉంటారు. శని, ఆదివారాలు యజమాని పార్టీలకు ఇల్లు కిరాయికిస్తాడు. వచ్చినవాళ్లు ఏసీ పెంచు, తగ్గించు అని అతని ప్రాణం తోడేస్తుంటే, ఆ యజమాని గిరీష్ హాలు గోడకు ఏసీని అదుపుచేసే ఇంటర్నెట్ థర్మోస్టాట్ పెట్టించి, పక్కనే క్యూఆర్ స్టిక్కర్ అంటించాడు. దాన్ని స్కాన్ చేసినవాళ్లు తమ ఫోన్ నుంచే ఏసీ నడుపుకోవచ్చు. ప్రేమదాసుకు ప్రాణం లేచి వచ్చింది. పాపం, ఆ సుఖం ఎండాకాలం దాకే.

తాళం వేసి ఉన్న హాల్లో మిట్టమధ్యాహ్నం ఏసీ దానంతటదే నడవడం మొదలైంది. గిరీష్ నగరంలో కూర్చుని ఫోన్లో అది చూశాడు. తాళంచెవి ఎవరి దగ్గరుంది? ప్రేమదాసు దగ్గర. ఇంకేం, దొంగ దొరికిపోయాడు!

"మీరిద్దరు హాల్ల పడుకుంటున్నరా?" అని వచ్చి నిలదీశాడు.

"లేదు సార్. మా రేకుల రూములనే ఉంటున్నం."

"అయితే బైబిల్ మీద ఒట్టు పెట్టు."

"మా చర్చి సంఘంల ఒట్లు పెట్టుకోరు సార్. లేదని చెప్పిన గద, గదే మాట."

ఒట్టు పెట్టనన్నాడంటే తప్పు చేసినట్టేనని గిరీష్ తేల్చేశాడు. తాళంచెవి తీసేసుకుని, వేరే మనిషిని చూసుకుంటానన్నాడు. రేకుల కింద ఉడికిపోయేవాణ్ణి పట్టుకుని ఏసీ దొంగ అంటే నాకే ఒళ్లు మండుతుంది. ప్రేమదాసుకు కోపం తెచ్చుకునే ఓపిక కూడా లేదు. చేవెళ్లలో ఇంకో పని దొరక్కపోదు. అబద్ధాలకోరన్న పేరుతో వెళ్లడమే అతనికి మింగుడుపడలేదు.

ఈలోగా ఏసీ మళ్లీ నడిచింది. ఆ రోజు తాళంచెవి గిరీష్ జేబులోనే ఉంది. అప్పుడు గానీ మెకానిక్ జితేందర్‌ను తీసుకురాలేదు. అతను థర్మోస్టాట్ చూసి నవ్వాడు.

"సార్, వచ్చిపోయిన పార్టీలోళ్ల ఫోన్లన్నీ ఇంకా ఇందులనే ఉన్నయి. ఒక్కళ్లను గూడ తీసెయ్యలే. ఎవరో వాళ్లింట్ల ఏసీ అనుకొని మనది నొక్కుతున్నరు. కావాలని నొక్కినా ఆపేటోడు లేడు."

గిరీష్ ఆ ఫోన్లన్నీ తీయించి, పాస్‌వర్డ్ పెట్టించి, స్టిక్కర్ గీకించాడు. కారెక్కుతూ ప్రేమదాసుకు ఒక మాట చెప్పి వెళ్లిపోయాడు.

శాంతమ్మ గది గడపలో ఎదురుచూస్తోంది.

"ఏమాయె?"

"బయటోళ్లు నొక్కుతున్నరంట. తేలింది."

"మరి సార్ నీతోని ఏమన్నడు?"

"శనివారం పార్టీ ఉన్నది, హాలు కడగమన్నడు."