పెద్దలు రాని ఇళ్లు

పోయిన నెల రాయగడలో మా చెల్లెలు కొత్తగా చేరిన అపార్ట్‌మెంటుకు వెళ్లి, లిఫ్టు దిగి, తెరిచి ఉన్న తలుపులోంచి దర్జాగా లోపలికి నడిచి, సోఫాలో కూర్చుని మంచినీళ్లు తెమ్మని కేకేశాను. నీళ్లు తెచ్చింది ముక్కూ మొహం తెలియని ఒడియా ఆవిడ. అదే హాలు, అదే గోడకు అదే కిటికీ, అంతస్తు మాత్రం వేరు. ఆవిడ నవ్వి, చెల్లెలి ఇల్లు పైన అని చెయ్యి చూపించింది. తరువాత చెల్లెలింట్లో అందరూ పడీపడీ నవ్వితే నేనూ నవ్వాను గానీ, లోపల పాత భయం ఒకటి లేచి కూర్చుంది.

నా ఈడు వాళ్లకు నీలి ప్లాను కాగితాల అమ్మోనియా వాసన గుర్తుండే ఉంటుంది. కోస్తా నుంచి వచ్చి మిషను బడిలో స్థిరపడిన పంతులుగారి కొడుకుని, ఇరవైమూడేళ్లకే కొరాపుట్ జిల్లాలో ఓవర్సీరునైపోయి, కాళ్లు నేలమీద ఆనకుండా తిరుగుతున్న రోజులవి. ఒక ఆనకట్ట కింద కొండపల్లెలు మునుగుతుంటే, అక్కడి వాళ్ల కోసం గట్టుమీద నలభై ఇళ్లు కట్టాం. ప్లాను గీసింది నేనే. ఒక గది, ఒక వరండా, ఒక తలుపు, ఒక కిటికీ, అదే నలభైసార్లు. కాకిపిల్ల కాకికి ముద్దన్నట్టు, ఆ వరసలను చూసి ఎంత మురిసిపోయానో ఇప్పుడు చెప్పుకుంటే సిగ్గేస్తుంది.

జనం వచ్చి చేరాక మొదట్లో అంతా నవ్వులాటగానే ఉండేది. ఆవులు మేతనుంచి తిరిగొచ్చి పక్కవాళ్ల వాకిట్లో నిలబడేవి, సంతనుంచి వచ్చిన మగవాళ్లు ఇంకొకరి వరండాలో మూట దించేవారు. ఒక మిట్టమధ్యాహ్నం నేను టేపు పట్టుకుని, ఇంకా ఎవరూ దిగని ఇళ్లలో కొలతలు సరిచూస్తున్నాను. ఏడో ఇంటి మూల ఒక ముసలమ్మ, కళ్లు మూసుకుని ఏదో వింటున్నట్టు కూర్చుని ఉంది. పలకరించకుండా పని చూసుకుని, అవతలి వరసలో పందొమ్మిదో ఇంటికి వెళితే, అదే మూల, అదే ముసలమ్మ, అలాగే కూర్చుని ఉంది. టేపు అక్కడే వదిలేసి బయటికి పరుగెత్తాను.

మా మేస్త్రీ పార్వతీపురం వైపు మనిషి, అక్కడి కొండవాళ్లు మాట్లాడే దేశియా భాష బాగా వచ్చినవాడు. నన్ను చూసి నవ్వలేదు. "దెయ్యం కాదు బాబూ, ఆ ముసల్ది రోజూ ఇంటింటా కాసేపు కూకుని సూస్తంది. పెద్దోలు ఏ ఇంటికీ రాలేదని దాని బెంగ" అన్నాడు. పోయినవాళ్లను ఆ కొండవాళ్లు డుమాలంటారు. డుమాలు ఇంట్లోనే ఉంటారు, పుట్టిన బిడ్డలోకి తిరిగి వస్తారు. నెలలు నిండిన కోడలిని పెట్టుకున్న ఆ ముసలమ్మకు, ఒక్కలా ఉన్న నలభై తలుపుల్లో తమది ఏదో పెద్దలకు తెలియక, పుట్టబోయే బిడ్డలోకి ఎవరూ రారేమోనని భయం. మనం మనిషి పోయిన ఇంట్లో ఉండడానికి జడుస్తాం, ప్రార్థన చేయించి గానీ కాపురం పెట్టం. ఆమె ఎవరూ పోని ఇంటికి జడిసింది.

చివరికి ఆమె మునుగుతున్న ఊరినుంచి తమ పాత ఇంటి నడిమి గుంజను కొడుకుచేత మోయించుకొచ్చి, నా సిమెంటు నేల పగలగొట్టి, కొత్త ఇంటి మధ్యలో పాతించింది. ఆ గుంజ దగ్గరే పెద్దలు కూర్చునేవారట. మర్నాడు పెద్ద ఇంజనీరు తనిఖీకి వస్తున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ఒగ్గీండి బాబూ, ఓ కర్రముక్కతో మనకేటి పోయింది?" అని మేస్త్రీ బతిమాలాడు. ప్లానులో లేనిది ఇంట్లో ఉండడానికి వీల్లేదని, దగ్గరుండి పీకించి గుంత పూడ్పించాను. మర్నాడు ఆఫీసరుగారి వంటకు కట్టెలు చాలలేదని వంటవాడు ఆ గుంజమీద గొడ్డలి ఎత్తితే చూస్తూ ఊరుకున్నాను. ఆ కోడికూర నేనూ తిన్నాను.

ముసలమ్మ వచ్చి పొయ్యిలో బూడిద చూసింది. తెల్లవారి వానలో, పెద్దల్ని తానే వెంటపెట్టుకుని తీసుకొస్తానని కోడలికి చెప్పి, పాత ఊరికి బయలుదేరింది. అప్పటికే ఆ ఇంటి చూరుదాకా నీళ్లొచ్చాయి. మూడో రోజు చేపలవాళ్ల పడవలో ఆమె శవాన్ని తెచ్చారు.

కొద్ది రోజులకు ఆడపిల్ల పుట్టింది. ఆకుదొన్నెలో నీళ్లు పోసి, ఒక్కొక్క పెద్ద పేరు పలుకుతూ బియ్యపు గింజ వేస్తారు. గింజ తేలితే ఆ పెద్దే తిరిగి వచ్చినట్టు. నేను వరండా అవతల నిలబడి చూశాను. ఎవరి పేరుకీ తేలలేదు. తల్లి మొహం పాలిపోతోంది. అప్పుడెవరో ముసలమ్మ పేరు పలికారు, గింజ తేలింది. ఆడవాళ్లు ఒక్కసారిగా ఏడుస్తూ నవ్వారు. "ఈ ఇంటి దారి తెలిసిన మనిషి గదా బాబూ, వచ్చేసింది. ఇంక మిగిలినోలని అదే తీసుకొస్తాది" అన్నాడు మేస్త్రీ కళ్లు తుడుచుకుంటూ. ఆ రోజునుంచి ఆ కాలనీలో భయం పోయింది. నాకూ ఒక దొన్నెలో అంబలి పోసి ఇచ్చారు. ఒక్కరైనా నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు కొరాపుట్‌నుంచి రాయగడదాకా ఎక్కడ చూసినా ఒకే అచ్చు ఇళ్లు, వాటిలో హాయిగా నిద్రపోయే జనం. కట్టేవాళ్లను ఇందులోకి పెద్దలెలా వస్తారని అడిగేవాళ్లు లేరు. నేను ఆ తరువాత ఎన్నో కాలనీలు కట్టి, దండలు వేయించుకుని రిటైరయ్యాను. ఆదివారం ఆదివారం చర్చికి వెళ్లే మనిషిని, పోయినవాళ్లు తిరిగి పుడతారని నమ్మను. అయినా కొరాపుట్ బస్టాండులో ఆ పిల్ల ఈడుది, నలభై దాటిన దేశియా ఆడమనిషి ఎవరైనా ఊరికే నావైపు చూస్తే చాలు, తల దించుకుంటాను.