అందరం కలిసి లక్సర్‌కి

మా అక్క ఇంతిసార్ భర్త వగీహ్ బావ దమన్హూర్‌లో బడిపిల్లల యూనిఫాంలు కుట్టేవాడు. నేనూ వాళ్ళింట్లోనే ఉంటాను. బళ్ళు తెరిచే ముందు ఆయనకు కూర్చుని అన్నం తినే తీరిక కూడా ఉండేది కాదు. చలికాలంలో అర్ధ సంవత్సరం పరీక్షలయ్యాక సెలవులిచ్చినప్పుడు మాత్రం మిషను మీద గుడ్డ కప్పి, కాలు మీద కాలు వేసుకుని టీ తాగేవాడు. ఆ రోజుల్లో మా ఊరంతా వానా బురదా. దక్షిణాన, నైలు ఎగువన ఉన్న లక్సర్‌లో మాత్రం వెచ్చటి ఎండ. పిల్లల్ని ఒక్కసారి అక్కడికి తీసుకెళ్ళాలని ఆయనకు మహా కోరిక. తనూ ఎప్పుడూ చూసింది లేదు.

గుడ్డలు కత్తిరించే బల్ల మీద సుద్దముక్కతో నైలు నది గీసేవాడు. ఇటు ఒడ్డున కర్నాక్ గుడి, అటు ఒడ్డున రాజుల సమాధులు. పెద్దవాడు తామిర్‌కి అప్పుడు పదకొండేళ్ళు, హనాన్‌కి ఎనిమిది. ఇద్దరూ బల్ల మీదికి వాలిపోయేవాళ్ళు. చిన్నది బస్మా ఇంకా అక్క చంక దిగని పిల్ల.

"నాన్నా, సమాధిలోకి దిగితే చీకటిగా ఉంటుందా?" అనేవాడు తామిర్.

"దీపాలుంటాయిరా."

"మరి పాములో?"

"నీ మొహం చూస్తే అవే పారిపోతాయిలే," అనేది హనాన్.

ఆ ఏడాది రైలు టిక్కెట్లు కొన్నాడు. అక్క ఫతీర్ రొట్టెలు కాల్చింది, గుడ్లు ఉడకబెట్టింది. హనాన్ కొత్త బూట్లు పక్కలో పెట్టుకుని పడుకుంది. తెల్లవారితే ప్రయాణమనగా బావ వచ్చి, నిద్రపోతున్న బస్మా పక్కన కూర్చున్నాడు.

"దీనికేం గుర్తుంటుంది చెప్పు? ఎండలో ఎత్తుకు తిరగడం తప్ప. కాస్త పెద్దదవనీ. వెళ్తే అందరం కలిసి వెళ్ళాలి, అందరికీ గుర్తుండిపోవాలి," అన్నాడు.

"నాకు గుర్తుంటుంది కదా! ఆ ఇద్దరికీ గుర్తుంటుంది. చాలదా?"

"అరకొరగా చేయడం నా వల్ల కాదు, ఇంతిసార్."

"ఇదేమన్నా చొక్కానా, కొలత తప్పితే పాడైపోవడానికి?" అంది అక్క.

ఆయన వినలేదు. పొద్దున్నే వెళ్ళి టిక్కెట్లు వాపసు ఇచ్చేశాడు. ఆ రొట్టెలు మేడ మీద కూర్చుని తిన్నాం. తామిర్ ముట్టుకోలేదు.

బావ పిసినారి కాదు. కాలరు ఒక నూలు పోగంత వంకరొచ్చినా కుట్లన్నీ ఊడదీసి మళ్ళీ కుట్టే మనిషి. పిల్లల ప్రయాణాన్నీ అలాగే అనుకున్నాడు.

మరుసటి ఏడాది బావ వాళ్ళ నాన్న జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. తరవాత తామిర్ పరీక్షలు. ఇంట్లో అందరం మునివేళ్ళ మీద నడిచాం. ఆ పైన హనాన్ పరీక్షలు. అంతలో తామిర్‌కి సైన్యంలో తప్పనిసరి కొలువుకి పిలుపొచ్చింది. ప్రతిసారీ ఒకటే మాట, "వచ్చే చలికాలం ఖాయం." బస్మా ఎప్పుడో పెద్దదయింది. సైన్యం నుంచి సెలవులో వచ్చిన తామిర్‌కి చూపిస్తూ బావ ఒకసారి మళ్ళీ నది గీయబోయాడు.

"నాన్నా, బల్ల మీద నా ప్యాంటుంది. దాని మీద గీస్తున్నావు," అన్నాడు తామిర్. బావ నవ్వేసి సుద్ద దులిపాడు.

ఈలోగా అక్క కళ్ళు మసకబారుతూ వచ్చాయి. షుగర్ వల్ల చూపు దెబ్బతిన్నదనీ, పోయింది ఇక తిరిగి రాదనీ డాక్టరు చెప్పాడు. ఆ సాయంత్రమే బావ, "ఈ చలికాలం వెళ్దాం. వచ్చేవాళ్ళు రానీ," అన్నాడు.

సూయెజ్‌లో సరుకుల కంపెనీలో చేరిన తామిర్‌కి సెలవు దొరకలేదు. హనాన్‌కి ఏడో నెల, అత్తగారు గడప దాటనివ్వలేదు. చివరికి బావ, అక్క, పధ్నాలుగేళ్ళ బస్మా బయల్దేరారు. అక్క చెయ్యి పట్టుకోవడానికి నేనూ వెళ్ళాను.

లక్సర్‌లో ఎండ విన్నట్టే ఉంది. పడవ మీద అవతలి ఒడ్డుకు చేరి, రాజుల సమాధుల దగ్గరికి వెళ్ళాం. మెట్ల దగ్గర అక్క ఆగిపోయింది.

"నేనిక్కడే కూర్చుంటా. మీరు వెళ్ళి రండి."

"నేను దింపుతాగా, ఒక్కో మెట్టూ..."

"దిగి ఏం చూడను? ఇక్కడ ఎండ హాయిగా ఉంది. పో, పిల్ల ఎదురుచూస్తోంది."

బావ దిగాడు. మేం కుదురుగా కూర్చున్నామో లేదో, పైకి వచ్చేశాడు. బస్మా లోపలే ఉండిపోయింది. ఆయన అక్క పక్కన రాతి మీద కూలబడ్డాడు.

"ఎలా ఉంది?" అనడిగింది అక్క.

"రంగులు నిన్న వేసినట్టున్నాయి."

"ఏం రంగులు?"

"పసుపు, ఎరుపు. పైకప్పంతా నీలం."

"ఎలాంటి నీలం? ఆడపిల్లల యూనిఫాం నీలమా?"

"దానికంటే ముదురు. దాని మీద చుక్కలు..." బావ అక్క వైపు తిరిగాడు. "తప్పు చేశాను, ఇంతిసార్," అన్నాడు.

కాదని అక్క అంటుందేమోనని చూశాను. అనలేదు.

"చేశావు. ఆ రోజు నిన్ను కొట్టాలన్నంత కోపమొచ్చింది. ఇప్పుడు వెతికినా ఆ కోపం దొరకడం లేదు. సంచిలో కమలాపళ్ళున్నాయి, ఒకటి ఒలిచిపెట్టు."

ఆయన ఒలిచి, తొనలు విడదీసి, ఒక్కొక్కటే ఆమె చేతిలో పెట్టాడు. అంతలో బస్మా ఊపిరి ఎగబీలుస్తూ పైకొచ్చి, పక్క సమాధి కూడా చూద్దామని తండ్రి చెయ్యి లాగింది. ఆయన లేచి వెళ్ళాడు, కానీ ఆ మిగిలిన పూటంతా వెనక్కి తిరిగి అక్క కూర్చున్న వైపే చూస్తూ నడిచాడు.

రంజాన్ పండక్కి తామిర్ ఇంటికొచ్చాడు. బావ బస్మా ఫోను తీసుకుని కొడుకు పక్కన చేరి ఫోటోలు చూపించాడు. తామిర్ నాలుగైదు చూసి, "బాగున్నాయి నాన్నా," అని ఫోను తిరిగి ఇచ్చేశాడు. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. ఆ ఫోనుని ఏం చేయాలో తెలీనట్టు బావ చేతిలోనే పట్టుకుని కూర్చున్నాడు.

"వంటింట్లో కుళాయి కారుతోందని అమ్మ చెప్పింది. చూడనా?" అన్నాడు తామిర్.

"చూడు, చూడు," అంటూ బావ గబగబా లేచాడు. ఆ మధ్యాహ్నమంతా తండ్రీకొడుకులు కుళాయి గురించే మాట్లాడుకున్నారు.