నాగరత్నం అత్తకి వినిపించిన మైకు

దయ్యాలు, గాలి సోకడాలు అంటే నాకు చిన్నప్పటి నుంచీ నవ్వే. ఈ ఉద్యోగంలో చేరాక ఆ నవ్వు ఇంకాస్త ఎక్కువైంది. నేను గ్రామ సచివాలయంలో మహిళా పోలీసుని. ఊళ్ళో దయ్యం తిరుగుతోందని ఇప్పటిదాకా నాకు రెండు ఫిర్యాదులు వచ్చాయి. ఒకచోట చూస్తే వాటర్ ట్యాంకు మీద ఊడి కొట్టుకుంటున్న రేకు. ఇంకోచోట తాగొచ్చి పెళ్ళానికి తెలియకుండా పెరటి గోడ దూకుతున్న ఓ పెద్దమనిషి. అందుకని ఇప్పుడు నేను చెప్పేది నమ్మమని ఎవరినీ అడగను. ఇంకెవరైనా చెప్పి ఉంటే నేనే నమ్మేదాన్ని కాదు.

మాది రావులపాలెం అవతల గోదావరి పాయ పక్కనున్న లంక ఊరు. పుట్టిందీ అక్కడే, పనిచేసేదీ అక్కడే. ఓటీపీ ఎవరికీ చెప్పొద్దనీ, హెల్మెట్ పెట్టుకోమనీ, ఆడపిల్లకి చదువు మాన్పించొద్దనీ ఏడాది పొడుగునా చెప్పడమే నా పని. వరదల్లో మాత్రం ఆటోకి మైకు కట్టుకుని వీధివీధీ తిరుగుతాను.

ఆ మైకు విషయంలో నాకో పద్ధతి ఉంది. "ప్రజలందరికీ విజ్ఞప్తి" అంటే మా ఊళ్ళో ఒక్కరూ గుమ్మం దిగరు. ఆ ప్రజలెవరో పక్క వీధిలో ఉన్నారనుకుంటారు. అందుకని నేను పేరుపెట్టి, వరసపెట్టి పిలుస్తాను. "సుబ్బయ్య బాబాయ్, గేదెల్ని విప్పండి. లక్ష్మి పిన్నీ, పొయ్యి ఆర్పేసి రండి." పేరు మైకులో వినబడితే సిగ్గుకైనా బయటికి వస్తారు. మా ఎస్సై గారు మొదట్లో నవ్వేవారు. ఇప్పుడు మిగతా ఊళ్ళ వాళ్ళని కూడా అలాగే పిలవమంటున్నారు.

ఈ పద్ధతి పనిచెయ్యని మనిషి ఊరంతటికీ ఒక్కరే, మా పక్కింటి నాగరత్నం అత్త. చిన్నతనంలో వచ్చిన జ్వరానికి ఆవిడ చెవులు పూర్తిగా పోయాయి. మాట మాత్రం ఉంది. తన గొంతు తనకి వినబడదు కాబట్టి మాట్లాడితే వీధి చివరికి వినిపిస్తుంది. వరదొస్తే నేను ఆటో దిగి ఆవిడ ఇంటికే వెళ్ళి, నీళ్ళు ఎంతవరకూ వస్తాయో నడుము దగ్గర చెయ్యి పెట్టి చూపిస్తాను. వెంటనే మూట కట్టేసుకుంటుంది. చెవులున్న వాళ్ళకన్నా ఆవిడే నయం.

మొన్నటి వరద తీశాక జరిగింది ఇది. వరద వచ్చినప్పుడు కాదు, తీసేటప్పుడే మా గట్లు ఎక్కువగా కోసుకుపోతాయి. లోపల నాని ఉన్న మట్టి, నీళ్ళు దిగగానే ఒక్కసారిగా జారిపోతుంది. రేవులోకి వెళ్ళొద్దని ఇంటింటికీ తిరిగి చెప్పాను. అందరూ తల ఊపారు, మా అమ్మ తప్ప.

"నువ్వు పుట్టకముందు నుంచీ ఉన్న రేవే ఎస్తేరూ ఇది. నీ ఐడీ కార్డు చూసి ఆగుద్దా ఏంటే గోదారి?" అంది. కుళాయిలో ఇంకా బురదనీళ్ళే వస్తున్నాయని, వరదలో నానిన దుప్పట్లన్నీ మూటకట్టి పెట్టుకుంది. వెళ్తే మాట్లాడనని బెదిరించి నేను డ్యూటీకి బయల్దేరాను. వెళ్తుందని నాకు తెలుసు. దారంతా అదే గుబులు.

ఆ రోజు రావులపాలెం దగ్గర ఒక హైస్కూల్లో వరద జాగ్రత్తల మీద అవగాహన కార్యక్రమం. నేను మొదలుపెట్టిన కాసేపటికి కరెంటు పోయింది. మైకు మూగబోయింది. అయినా దాన్ని చేతిలోంచి దించలేదు. మైకు పట్టుకోనిదే నాకు మాట రాదని మా స్టేషన్లో ఏడిపిస్తుంటారు, అది నిజమే.

పదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "రేవు కూలిపోతుంటే మీరెలా పిలుస్తారండీ మేడం?" అని అడిగింది. చేసి చూపిస్తానన్నాను. ఎప్పుడూ ఇలాంటప్పుడు 'రాజమ్మ గారూ' అని ఉత్తుత్తి పేరు వాడతాను. ఆ రోజు నోరు తెరిస్తే వేరే పేరు వచ్చింది.

"నాగరత్నం అత్తా! బట్టలు అక్కడే వదిలెయ్యండి. పక్కనున్న వాళ్ళ చెయ్యి పట్టుకుని పైకి వచ్చెయ్యండి. వెనక్కి చూడకండి!"

అన్నాక నాకే నవ్వొచ్చింది. మైకు అక్కర్లేని మనిషినే మైకులో పిలిచానేంటా అనుకున్నాను. పిల్లలు చప్పట్లు కొట్టారు. వెంటనే మధ్యాహ్న భోజనం బెల్లు మోగింది.

వరండాలోకి వచ్చేసరికి తమ్ముడి ఫోన్. వాడు ఏడుస్తున్నాడు. రేవు కూలిపోయిందన్నాడు. "అమ్మ?" అన్నాను. "ఉంది, బతికే ఉందక్కా, నువ్వు రా," అన్నాడు. నేను అక్కడే మెట్ల మీద కూర్చుండిపోయాను. హెడ్మాస్టరు గారే నన్ను తన బండి మీద తీసుకొచ్చారు.

అమ్మ మా అరుగు మీద తడిచీరతోనే కూర్చుని ఉంది. కుడి మణికట్టు కమిలిపోయి ఉంది. నన్ను చూడగానే బావురుమంది. తర్వాత తనూ, రేవులో ఉన్న మిగతా ఆడవాళ్ళూ చెప్పింది ఇది.

నా ముందు తల ఊపినవాళ్ళు కూడా రేవులో ఉతుక్కుంటున్నారు. నాగరత్నం అత్త ఉన్నట్టుండి చేతిలో చీర వదిలేసి లేచింది. గట్టు పైకి చూస్తూ నిలబడింది. తర్వాత తన మామూలు గొంతుతోనే అరిచింది. "ఎస్తేరు మైకులో పిలుత్తంది! బట్టలొదిలేసి రమ్మంటంది! పక్కోళ్ళ చెయ్యట్టుకోమంటంది! ఎనక్కి చూడొద్దంటంది!"

మిగతావాళ్ళు నవ్వారు. వాళ్ళెవరికీ ఏ మైకూ వినబడలేదు. ఆవిడ వాళ్ళ నవ్వు చూడలేదు. పక్కనున్న మా అమ్మ మణికట్టు పట్టుకుని బరబరా పైకి ఈడ్చుకుపోయింది. పిచ్చి పట్టిందేమో, మా అమ్మని ఏం చేస్తుందోనని మిగతావాళ్ళు వెనకాలే పరిగెత్తారు. అందరూ పైకి చేరారో లేదో, మెట్లతో సహా గట్టు నీళ్ళలోకి దిగిపోయింది. అప్పుడే ఊళ్ళో బళ్ళో కూడా భోజనం బెల్లు కొట్టిందని అందరూ అన్నారు.

హెడ్మాస్టరు గారు నా వంక చూశారు. నేను ఆయన వంక చూశాను. బళ్ళో నేనన్న ఆ మాటలు ఆయన కూడా విన్నారు మరి. ఆయన మంచినీళ్ళు కూడా తాగకుండా బండెక్కి వెళ్ళిపోయారు.

ఆటో ఆ రోజు మెకానిక్ దగ్గర ఉంది. దాని మైకు సెట్టు సచివాలయంలో బీరువాలో పెట్టి తాళం వేశాను, తాళంచెవి నా బ్యాగులోనే ఉంది. ఊళ్ళో ఇంకే మైకూ మోగలేదు. ఇవన్నీ నేనే విచారించాను. కేసైనా ఇంతకన్నా బాగా చెయ్యలేను.

అందరికీ తలో కారణం దొరికింది. అమ్మ ఆదివారం చర్చిలో లేచి, దేవుడే కాపాడాడని సాక్ష్యం చెప్పింది. నాగరత్నం అత్త కొడుకు అన్నవరం వెళ్ళి వ్రతం చేయించుకొచ్చాడు. ఎస్సై గారు, "గట్టు మీద పగులు చూసుంటుందమ్మా," అన్నారు. చూసే ఉండొచ్చండి. కానీ నా మాటలు, ఒకటి పోకుండా, పగుల్లో రాసి ఉండవు కదా! ఆ మాట ఆయనతో అనలేకపోయాను.

వారం తర్వాత నేను ఆటోకి మైకు కట్టుకుంటుంటే నాగరత్నం అత్త వచ్చింది. చంకలో మనవరాలు. మాటలు వచ్చి ఎన్నాళ్ళో కాలేదు దానికి.

"నీ గొంతు బాగుందే ఎస్తేరూ," అంది. "పెళ్ళికి ముందు నుంచీ ఒక్క మాట ఇన్లేదు నేను. దీన్ని కూడా నీ మైకులో ఓసారి మాట్టాడించమ్మా. దీని గొంతెలా ఉంటదో ఇనాలనుంది."

చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తానని సైగ చేశాను. వద్దని చెయ్యి ఊపి, పిల్లని నా ఒళ్ళో పెట్టేసింది. మైకు మొత్తం సౌండు పెంచి పిల్ల నోటి దగ్గర పట్టుకున్నాను. "నానమ్మా!" అంది పిల్ల. కోళ్ళు చెల్లాచెదురయ్యాయి. వీధిలో వాళ్ళంతా బయటికొచ్చారు. నాగరత్నం అత్త మాత్రం ఇంకా ఎదురుచూస్తూ నిలబడింది.

అప్పుడు నేనొక పిచ్చిపని చేశాను. వైరు పీకేసి, ఆ రోజు బళ్ళోలాగే మూగబోయిన మైకు పిల్ల నోటి దగ్గర పెట్టాను. "నానమ్మా," అంది పిల్ల మళ్ళీ. ఆవిడ తల కొంచెం పక్కకి వంచింది.

కాసేపటికి తల అడ్డంగా ఊపి, పిల్లని తీసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు నా గొంతు ఆవిడ దాకా ఎలా వెళ్ళిందో నాకు తెలియదు. మా అమ్మ బతికింది, అదొక్కటే నాకు తెలుసు. నా గొంతు వెళ్ళినట్టే ఆ పిల్ల గొంతు కూడా వెళ్ళి ఉంటే ఏం పోయేదని ఇప్పటికీ కోపం వస్తుంది, ఎవరి మీదో తెలియదు. ఆటో ఆ ఇంటి ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా మైకులో "నాగరత్నం అత్తా" అని ఒకసారి పిలుస్తాను. ఆవిడ గుమ్మంలో బియ్యం ఏరుకుంటూ ఉంటుంది. తలెత్తదు.