గంధరాజం మీద గాజు రెక్కలు

మా ఉద్దానం ఊళ్లో దాన్ని అందరూ కందిరీగ అనే అనుకునేవారు. పొద్దు వాలేవేళ వాకిట్లో గంధరాజం చెట్టు దగ్గరికి గుయ్యిమంటూ వస్తే నాన్న భుజం మీది తువ్వాలు తీసి కొట్టబోయేవాడు. బొటనవేలంత ఒళ్లు, ఆకుపచ్చా పసుపూ కలిసిన నూగు, నడుముకి ఎర్రటి పట్టీ. పువ్వు మీద వాలదు. గాల్లోనే నిలబడి, పొడుగాటి నాలిక పువ్వులోకి దించి, తేనె తాగి పక్క పువ్వుకి జరుగుతుంది.

ఒకరోజు తువ్వాలు దెబ్బ తగిలి కిందపడింది. కుడుతుందేమోనని భయపడుతూనే ఎత్తి అరచేతిలో పెట్టుకున్నాను. రెక్కల్లోంచి నా చేతి గీతలు కనిపించాయి. నల్లటి సన్నటి ఈనెలు, వాటి మధ్య ఏమీ లేదు. ఊదితే చిరిగిపోతాయన్నట్టున్న ఆ రెక్కలతో అది ఇందాకటిదాకా గాల్లో కదలకుండా నిలబడిందంటే నాకు ఒళ్లు జలదరించింది. కాసేపటికి తేరుకుని ఎగిరిపోయింది. నేను మాత్రం అన్నానికి పిలిచేదాకా అక్కడే ఉండిపోయాను. అది కందిరీగ కాదు, సీతాకోకచిలుకని ఆ రాత్రే ఇంట్లో అందరికీ చెప్పాను.

చాలా ఏళ్ల తర్వాత ఒక పుస్తకంలో చూశాను, అది అసలు సీతాకోకచిలుకే కాదట, దీపాల చుట్టూ తిరిగే రెక్కల పురుగుల వంశమట, పగలు తిరగడం నేర్చిందట. పుస్తకం మాట పుస్తకానిది. మా ఇంట్లో అది అద్దాల సీతాకోకచిలుక.

తొంభైల చివర్లో నాకు టెక్కలిలో ఒక ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. వచ్చిన కొత్తలోనే పలాస స్టూడియోలో వాడేసిన కెమెరా ఒకటి కొనుక్కున్నాను. నా వయసు ఆడపిల్లలు నగలు చేయించుకుంటుంటే ఇదేం పిచ్చని బంధువులు నవ్వారు. నవ్వుకోనిచ్చాను. బస్సు దిగి తోటల్లోంచి ఇంటికి పరుగెత్తుకొచ్చేదాన్ని, వెలుతురుండగానే చెట్టు దగ్గర కూర్చోవాలని. దోమలు పీక్కు తింటున్నా కదలకూడదు. అది వస్తుంది, నిలబడుతుంది, నేను గురి చూసేలోపు ఇంకో కొమ్మకి వెళ్లిపోతుంది.

రీళ్లకి రీళ్లు తగలేశాను. కడిగించి చూస్తే ప్రతి ఫోటోలోనూ ఒకటే తంతు: పువ్వుంటుంది, పురుగుంటుంది, రెక్కలుండవు. ఆడించే జోరుకి, అసలే కనపడని రెక్కలు పూర్తిగా మాయమయ్యేవి. స్టూడియో ఆయన ఫోటోలు కవర్లో పెట్టి ఇస్తూ, రెక్కల్లేకుండా ఎగిరే పురుగుని మీ ఊళ్లోనే చూశానమ్మా అనేవాడు. నాకు ఒళ్లు మండేది. అయినా రాత్రి ఆ ఫోటోలే ముందేసుకుని కూర్చునేదాన్ని. ఏ ఆసరా లేకుండా గాల్లో తేలుతున్న ఆ ఒళ్లుని చూస్తే, నేను ఫోటో తీయలేకపోవడం కూడా దాని గొప్పతనమేననిపించేది.

దాని పిల్లలతో మాత్రం అమ్మకి బద్ధవైరం. తోక మీద చిన్న కొమ్మున్న పచ్చటి పురుగులు రాత్రికి రాత్రి గంధరాజం ఆకుల్ని ఈనెలదాకా తినేసేవి. అమ్మ పొద్దున్నే ఒక్కొక్కటే ఏరి కోళ్లకి వేసేది. అవే పెద్దయ్యాక అద్దాల రెక్కలొస్తాయని నేను పోట్లాడేదాన్ని. పువ్వులకి బదులు నీ ఫోటోలు తల్లో పెట్టుకుంటావేటని అడిగేది. తల్లో పువ్వు లేకుండా అమ్మని నేనెప్పుడూ చూడలేదు.

తర్వాత, మా వైపు ఇంటింటికీ తిరుగుతున్న కిడ్నీ జబ్బు మా ఇంటికీ వచ్చింది. అమ్మకి కాళ్లు వాచాయి, అన్నం వెగటయింది. మందులతో కొంతకాలం నెట్టుకొచ్చాక రక్తం శుద్ధి చేయించక తప్పదన్నారు. అప్పట్లో అందుకు విశాఖపట్నమే గతి. వారం వారం పలాసలో రైలెక్కాలి, అక్కడే రెండు మూడు రోజులుండి చేయించుకుని తిరిగి రావాలి. రావడానికీ మళ్లీ వెళ్లడానికీ మధ్య అమ్మ మంచం మీదే ఉండేది. మానేస్తే ఎన్నాళ్లో ఉండదని డాక్టరు దాచకుండానే చెప్పాడు. అమ్మ కూడా విన్నది. విని కూడా, ఆ ఏడు వానలు మొదలయ్యేసరికి ఇక చాలు అనడం మొదలుపెట్టింది. ప్రతివారం ఆమెను బయల్దేరదీయడం నాకొక యుద్ధం అయిపోయింది. బతిమాలేదాన్ని, అరిచేదాన్ని, ఒక్కోసారి ఏడ్చేదాన్ని.

ఆ రోజుల్లోనే అమ్మ పురుగుల్ని కోళ్లకి వేయడం మానేసింది. ఎందుకని నేను అడగలేదు, అడిగితే మళ్లీ ఇక చాలు అంటుందని. ఒకదాన్ని, అడుగున మట్టి పోసిన పచ్చడి సీసాలో వేసి, రోజూ లేత ఆకులు పెట్టి పెంచింది. అది మట్టిలోకి దూరి గోధుమరంగు గూడయ్యాక సీసాలో పుల్ల ఒకటి నిలబెట్టి, మూతికి గుడ్డ కట్టి తలగడ పక్కన పెట్టుకుంది. మేం రైలెక్కాల్సిన రోజుకి ఆ గూడు నల్లబడి లోపల కదులుతోంది.

“నానెక్కడికీ రాను. ఇది బయటికొచ్చినాక సూద్దుం,” అంది.

నాకంటే ఆ పురుగెక్కువా అని గట్టిగా అరిచాను. అమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఆ వారం మానేస్తే ఇంకెప్పటికీ లేవదని నాకు తెలిసిపోయింది. ఇంకేం తోచక సీసాని గుడ్డల సంచిలో పెట్టి, దీన్నీ తీసుకుపోదాం, రైల్లో చూద్దువుగాని అన్నాను. అమ్మ సంచిలోకి ఒకసారి తొంగిచూసి, లేచి చీర మార్చుకుంది.

పలాసలో ప్యాసింజరు ఎప్పటిలాగే ఆలస్యం. బెంచీ మీద కూర్చుని ఉండగా గూడు పగిలింది. తడిగా, నలిగిన కాగితంలాంటి రెక్కలతో అది బయటపడి పుల్లెక్కింది. మేమిద్దరం సీసా మీదికి వంగి చూస్తున్నాం. రెక్కలు మెల్లగా సాగాయి, ఆరాయి. కానీ అద్దాలు కావవి. బూడిదరంగు, ఎటు తిప్పి చూసినా అవతలిది కనపడని మసక. ఇది వేరే జాతిదేమో అనేశాను నోరూరుకోక. అమ్మ మొహం వాడిపోయింది. అమ్మ చెయ్యి సంచి మీదికి వెళ్లింది, లేచి ఇంటికి పోదామంటుందేమోనని సంచిని నా ఒళ్లోకి లాక్కున్నాను. అంతలో బండి వచ్చింది. రద్దీలో పడి ఎక్కేశాం.

పూండి దాటాక అమ్మ సీసా మూతి విప్పి చెయ్యి లోపలికి పెట్టింది. అది ఆమె వేళ్ల మీంచి ముంజేతి మీదికి పాకింది. రక్తం శుద్ధి చేసే సూదులు వేయడానికని ఆపరేషన్ చేసి నరాలు కలిపి కుట్టిన చెయ్యి అది. అక్కడ చర్మం ఉబ్బెత్తుగా ఉండి, ముట్టుకుంటే లోపల ఎప్పుడూ గుర్రుమని అదురుతూ ఉంటుంది. ఎవరి కంటా పడకుండా కొంగు కప్పుకునే అమ్మ ఈసారి కప్పుకోలేదు.

ఉన్నట్టుండి దాని రెక్కలు వణకసాగాయి. మొదట చలికి వణికినట్టు, తర్వాత కంటికి ఆననంత జోరుగా. ఒక్కసారిగా రెక్కల మీంచి సన్నటి పొడి లేచింది. కిటికీలోంచి పడుతున్న ఎండలో బూడిద పొగలా తేలింది. చచ్చిపోతోందేమోనని నేను కంగారుపడుతుంటే, రంగు రాలిన చోటల్లా రెక్కలు తేటబడుతున్నాయి. కొంచెం కొంచెంగా, మా కళ్లముందే. ఎదుటి బల్ల మీద ఎండుచేపల గంప పెట్టుకున్న ఆవిడ మాట్లాడుతున్నది ఆపేసి ముందుకి వంగింది. సంచిలోంచి కెమెరా ఎప్పుడు తీశానో, ఎన్నిసార్లు నొక్కానో నాకు గుర్తులేదు. అన్నేళ్లుగా వెంటపడ్డానే, ఆ అద్దాలు పుట్టుకతో రావనీ, ముసుగు దులుపుకుంటేనే వస్తాయనీ నాకు తెలియనే తెలియదు.

రైలు నౌపడా దగ్గర ఉప్పు మడుల పక్కన నెమ్మదించింది. అది రెక్కలాడించడం ఆపి, అమ్మ చేతి మీద రెక్కలు పరిచి కూర్చుంది. ఆ రెక్కల్లోంచి ఉప్పు కుప్పలు కనిపించాయి, మడుల్లో నీళ్లు కనిపించాయి, అమ్మ చేతి మీది సూది గుర్తులు కనిపించాయి. నా రీళ్లన్నిటిలో రెక్కలు పడ్డ ఫోటో అదొక్కటే. స్టూడియో ఆయన దాన్ని చాలాసేపు పట్టుకుని చూశాడు, ఆ రోజు వేళాకోళం ఆడలేదు.

అది మళ్లీ గుయ్యిమని లేచి, రైలు పెట్టెలో ఒక చుట్టు తిరిగి, కిటికీ ఊచల మధ్య నుంచి బయటికి పోయింది. మడుల మీది తెలుపులో ఎంత వెతికినా కనపడలేదు.

“నా సెయ్యదిరిందో, అది అదిరిందో తెలీనేదే,” అంది అమ్మ. చేతి మీద పడ్డ పొడిని తుడుచుకోలేదు.

కోటబొమ్మాళి వచ్చేదాకా ఆమె కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. నేను ఖాళీ సీసా పట్టుకుని, విశాఖలో దిగాక నడుస్తుందో నడవదో, తిరిగొచ్చాక మళ్లీ ఎంత బతిమాలాలో అని లెక్కలేసుకుంటున్నాను. అమ్మ నావైపు తిరగకుండానే, చేపల గంప ఆవిడకి కూడా వినపడేలా అంది:

“వచ్చే వారం ఇటేపు కిటికీయే అట్టిపెట్టే. ఆ మడులు సరిగ్గా సూడనేదు.”

వచ్చే వారం అనే మాట అమ్మ నోట విని ఎన్ని నెలలైందో. అలాగేనమ్మా అన్నాను. ఇంకేమైనా అంటే ఏడ్చేస్తానని వంగి, సీసాకి గుడ్డ కట్టడం మొదలుపెట్టాను.