వెచ్చగా తగిలిన చన్నీళ్ళు

మెర్డెకాకు, అంటే మలయా స్వాతంత్ర్యానికి, ముందు ఏడాది, వానలు మొదలైన నెలలో, మమ్మల్ని క్యామెరాన్ హైలాండ్స్ పైన ఒక రేడియో పోస్టుకు పంపారు. లారీ తేయాకు తోటల చివర ఆగిపోయింది. మిగతాది నడక. ఆరువేల అడుగుల పైమాటే ఎత్తు. ఒక రేకుల గుడిసె, ఒక ఇసుక మూటల బంకరు, ఒక ఏరియల్ స్తంభం. చుట్టూ నాచు పట్టిన పొట్టి చెట్లు. మబ్బు తలుపులోంచి లోపలికి వచ్చేది. కింద అడవిలో కమ్యూనిస్టుల కోసం తిరిగే గస్తీ దళాల మాటలు అందుకుని కౌలాలంపూర్ వైపు పంపడం మా పని.

ఐదుగురం. మలయ్ సార్జెంట్. తీగలు చూసుకునే మలయ్ లైన్‌మన్. మందులు, కట్లు చూసే తమిళుడు. మలయాలో ఆ ఉద్యోగాన్ని డ్రెస్సర్ అంటారు. వంటవాడు మన తెలుగువాడే, బాగాన్ డాతో అనే చోట తోటల్లో పుట్టినవాడు. నేను రేడియో ఆపరేటర్‌ని. మా నాన్న బంటింగ్ దగ్గర ఒక తోటలో కిరాణీ, అంటే గుమాస్తా. అందుకని వంటవాడు నన్నెప్పుడూ పేరుతో పిలవలేదు. "కిరాణీ బావ్" అనేవాడు.

ఆ కొండమీద కట్టె ఎండదు. వంట కిరసనాయిలు స్టవ్ మీద. ఒకసారి సామానుతో పాటు, వాడి చూడమని, ఒక గ్యాస్ సిలిండర్ మోయించి పంపారు. నీలి మంట చూసి వంటవాడు మురిసిపోయాడు.

"అగ్గిపుల్ల సాలు బావ్. దొరల వంట!"

తర్వాత కొండచరియ విరిగి దారి మూసుకుపోయింది. కిరసనాయిలు అయిపోయింది. గ్యాసే మిగిలింది.

ఒక మధ్యాహ్నం గాలివానకు ఏరియల్ తీగ తెగింది. బాగుచేయడానికి వెళ్ళిన లైన్‌మన్ జారి వాగులో పడ్డాడు. మేం వెతికి పట్టుకునేసరికి చాలాసేపు తడిసిపోయి ఉన్నాడు. సార్జెంటూ నేనూ మోసుకొచ్చాం. దారంతా గడగడ వణికాడు. గుడిసెలో పడుకోబెట్టి, తడిబట్టలు తీసేసరికి వణుకు ఆగింది. హమ్మయ్య అనుకున్నాను. డ్రెస్సర్ ముఖం మాత్రం మాడిపోయింది.

"వణుకు ఆగకూడదు. ఒంట్లో వేడి అయిపోతోంది. నీళ్ళు కాచండి. సీసాల్లో పోసి చంకల్లో పెట్టాలి. సీక్రం, సీక్రం!"

వంటవాడు స్టవ్ వెలిగించాడు. మంట దీపంలా నిలబడి, పూసలా కుంగి, ఆరిపోయింది.

"సచ్చిపోనాది." సిలిండర్ ఎత్తి కుదిపాడు. లోపల ఏదో తొణికిన చప్పుడైంది. "సగానికి పైనే ఉన్నాది బావ్. మరేటి రోగం?"

సిలిండర్ కింది సగం తెల్లగా మంచు పట్టి ఉంది. ఐసు దుకాణంలో తప్ప మాలో ఎవరూ అలాంటిది చూసినవాళ్ళం కాదు. వంటవాడు వేలితో గీకి చూశాడు.

"డబ్బాకి సలేసినాది!"

తోటల్లో పెరిగిన మాకు చలి అంటే మలేరియా చలే. చలేస్తే గోనె కప్పాలి, దుప్పటి కప్పాలి. పొడి దుప్పట్లు రెండే ఉన్నాయి. ఒకటి లైన్‌మన్ మీద ఉంది. రెండోది వంటవాడు సిలిండర్‌కు చుట్టాడు. సార్జెంట్ అంచులు శ్రద్ధగా లోపలికి దోపాడు. ఎవరికీ తప్పనిపించలేదు. మంట ఒకసారి లేచి మళ్ళీ పోయింది.

"అడుగున మంట ఎడతాను," అన్నాడు వంటవాడు.

సార్జెంట్ అతని చెయ్యి పట్టుకున్నాడు. "గిలా కా? ఇతు బోమ్ లా!" పిచ్చా నీకు, అది బాంబు అని.

"మరేటి, ఊదమంతావా సార్జెన్?"

నేను దుప్పటి కిందికి చెయ్యి పోనిచ్చాను. ఇనుము కరిచింది. చెయ్యి లాక్కుని, చేతి మంట తగ్గుతుందని, పక్కనున్న ఊటనీళ్ళ బకెట్లో ముంచాను. పొద్దున్నే ముఖం కడుక్కోవడానికి మేం భయపడే నీళ్ళు అవి. వెచ్చగా తగిలాయి.

ఒక క్షణం ఏమీ అర్థం కాలేదు. మళ్ళీ ముంచి చూశాను. వెచ్చగానే ఉన్నాయి. మనిషిలో వేడి పుడుతుంది. దుప్పటి దాన్ని పోకుండా ఆపుతుంది. ఈ ఇనుములో ఏం పుడుతుంది? చుట్టూ గాలిలో ఉన్న కాస్త వేడినీ మేమే అందకుండా చేశాం. దానికంటే ఈ చన్నీళ్ళే వేడి.

"దుప్పటి తీసెయ్. నీళ్ళు పొయ్," అన్నాను.

"సలేసినోడికి సన్నీళ్ళు పోత్తారేటి! మతుందా కిరాణీ బావ్?"

"పొయ్ లా!" అని మలయ్ యాసలో గదిమాను.

సిలిండర్‌ను బట్టలుతికే తొట్టిలో నిలబెట్టి, ఊటనీళ్ళ వెదురు గొట్టాన్ని అందులోకి తిప్పాం. నీళ్ళు నిండి పొర్లుతూనే ఉన్నాయి. మంచు కరిగిపోయింది. వంటవాడు అగ్గిపుల్ల గీశాడు. నీలి మంట గిన్నె అడుగంతా పరుచుకుంది. డ్రెస్సర్ రెండో దుప్పటి కూడా లైన్‌మన్ మీద కప్పాడు.

చాలా ఏళ్ళకు, పత్రికలో పనిచేస్తున్నప్పుడు, ఒక గ్యాస్ ఇంజనీరును అడిగాను. లోపల ఉన్నది ద్రవం, అది గ్యాసుగా మారాలంటే వేడి కావాలి, ఆ వేడిని తన ఇనుము నుంచే లాక్కుంటుంది అన్నాడు. మా దేశంలో ఎక్కువగా నింపేది బ్యూటేన్, చలికి మొండికేస్తుంది. మంచు కురిసే దేశాల్లో ప్రొపేన్ నింపుతారు, అది నీళ్ళు గడ్డకట్టే చలిలోనూ గ్యాసుగా మారుతుంది. అక్కడైనా ఒకేసారి ఎక్కువ వాడితే సిలిండర్ చల్లబడి మంట తగ్గుతుందట. నిప్పు మాత్రం ఎక్కడా దగ్గరికి తేకూడదు.

"కొండమీది హోటళ్ళవాళ్ళు ఇప్పటికీ సిలిండర్ ఖాళీ అని తిప్పి పంపుతారు," అని నవ్వాడు. "తూచి చూస్తే సగం ఉంటుంది."

మెర్డెకా తర్వాత కొండ దిగాను. బంటింగ్‌లో బస్సు దిగేసరికే చెమటకు చొక్కా తడిసిపోయింది. టీకొట్లో అందరూ మూగారు.

"కమ్యూనిస్టుల్ని సూసినావేటి? ఎంతమందిని కాల్సినావు?"

ఒక్కడినీ చూడలేదన్నాను. వాళ్ళకు ఆసక్తి పోయింది.

నేను చూసింది వేరు. ఆ రోజు వేడి సీసాలు పెట్టాక చాలాసేపు లైన్‌మన్‌లో చలనం లేదు. డ్రెస్సర్ నాడి మీద వేళ్ళు తీయలేదు. తర్వాత గడ్డం కదిలింది. పళ్ళు టకటకలాడాయి. భుజాలు, మోకాళ్ళు, ఒళ్ళంతా ఊగిపోయింది.

"నడుంగుదు! నడుంగుదు!" అని డ్రెస్సర్ చప్పట్లు కొట్టాడు.

"ఏటంతన్నాడు?" వంటవాడు నన్ను అడిగాడు.

"వణుకుతున్నాడట."

ఇనుప మంచం కాళ్ళు చెక్కనేల మీద దడదడలాడుతున్నాయి. దాని మీద ఒక మనిషి ఆపుకోలేక వణుకుతున్నాడు. చుట్టూ నలుగురం నిలబడి, కళ్ళు తుడుచుకుంటూ, పగలబడి నవ్వుతున్నాం.